డబ్ల్యూఎన్‌బీఏ ఆల్-స్టార్ ఆట చూసి మా అమ్మాయి నేర్చుకునేదేమైనా ఉందా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. మీ అమ్మాయి ఏడో తరగతి. రెండేళ్ళుగా బాస్కెట్‌బాల్ ఆడుతోంది, అమెరికా ప్లేయర్ కేట్లిన్ క్లార్క్ అంటే ప్రాణం. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కూర్చుని 2025 డబ్ల్యూఎన్‌బీఏ ఆల్-స్టార్ ఆట మొత్తం చూశారు. డబ్ల్యూఎన్‌బీఏ అంటే అమెరికా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్, ఆల్-స్టార్ అంటే అందులో ఏరిన ప్లేయర్లు సీజన్ మధ్యలో ఆడే ఆట. స్కోరు 151–131. డిఫెన్స్ అన్నదే కనపడలేదు. క్లార్క్ గాయంతో బెంచీ మీదే కూర్చుంది. "ఇది పోటీయా, ప్రదర్శనా? దీన్ని చూసి పిల్ల ఏం నేర్చుకోవాలి? అసలు ఇందులోకి ఎవర్ని, ఎవరు ఎంపిక చేస్తారు?" అన్నారు. చివర్లో ఏ సైజు బంతి కొనాలని కూడా అడిగారు.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరు జిల్లాలో స్కూలు గ్రౌండులో మొదలుపెట్టి యూనివర్సిటీ జట్టు దాకా ఆడాను. అక్కడే కొన్నేళ్ళు ఆడపిల్లలకి నేర్పించాను. పన్నెండేళ్ళుగా అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉంటున్నాం. ఇక్కడ శని, ఆదివారాలు పిల్లలకి కోచింగ్ ఇస్తాను, అందులో సగం మంది మన తెలుగు పిల్లలే. 2024లో ఈ ఆల్-స్టార్ ఆట ఫీనిక్స్‌లోనే జరిగింది. మా పిల్లల్ని తొమ్మిది మందిని వెంటేసుకుని వెళ్ళాను.

నేర్చుకునేది చాలా ఉందండి. కాకపోతే మీరు మొదలుపెట్టిన ఏడాది అందుకు తగింది కాదు.

2025లో ఇండియానాపోలిస్‌లో నిబంధనలే పాయింట్లు వరదలా పారేట్టు పెట్టారు. మామూలు ఆటలో బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్ వెయ్యాలి, అక్కడ 20 సెకన్లే ఇచ్చారు. మూడు పాయింట్ల గీతకి ఇంకా బాగా వెనక నుంచి వేసే షాట్లకి నాలుగు పాయింట్లు పెట్టారు. చివరి నిమిషాల్లో తప్ప ఫ్రీ త్రోలు లేవు, ఫౌల్ చేస్తే నేరుగా పాయింట్లే. పైగా అది 44 ఆటల సీజన్‌కి సరిగ్గా నడుమ వచ్చే శనివారం. మోకాళ్ళ మీద ఐసు పెట్టుకుని విమానం దిగిన మనిషిని, జట్టు ఫలితానికి లెక్కలోకి రాని ఆటలో కింద పడమని ఎవరూ అడగలేరు. క్లార్క్ గాయం కూడా అంతకు నాలుగు రోజుల ముందు తగిలిందే, గజ్జ దగ్గర. కాబట్టి మీరు గమనించింది నిజమే. ఆ రోజు డిఫెన్స్ లేదు. నఫీసా కాలియర్ 36 పాయింట్లు వేసి కొత్త రికార్డు పెట్టింది, స్కైలర్ డిగ్గిన్స్ 11 పాయింట్లు, 11 రీబౌండ్లు, 15 అసిస్టులతో ఆల్-స్టార్ చరిత్రలో మొదటి ట్రిపుల్-డబుల్ చేసింది, అంటే మూడింటిలోనూ పదికి తగ్గలేదు. రీబౌండ్ అంటే పడని షాట్ బంతిని అందుకోవడం, అసిస్టు అంటే వెంటనే పాయింటుగా మారిన పాస్. చూడ్డానికి బాగుంటుంది. పన్నెండేళ్ళ పిల్లకి నేర్పడానికి మాత్రం నేను ఆ ఆట వాడను.

ఈ ఆట ఎప్పుడూ ఇలాగే ఉండేది అనుకోకండి. 1996 ఏప్రిల్‌లో లీగ్ పుట్టింది, ఆ వేసవిలోనే అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా ఆడవాళ్ళ జట్టు స్వర్ణం గెలిచింది, ఆ ఊపులో 1997లో ఎనిమిది జట్లతో ఆటలు మొదలయ్యాయి. మొదటి ఆల్-స్టార్ 1999 జులై 14న, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. ఆ రోజు స్కోరు 79–61. మరుసటి ఏడాది ఫీనిక్స్‌లో 73–61. అంటే అప్పట్లో రెండు జట్లూ కలిపి వేసిన పాయింట్ల కంటే ఎక్కువ 2025లో గెలిచిన ఒక్క జట్టే వేసేసింది. ఆ తొలి ఏళ్ళలో తూర్పు, పడమర అని రెండు జట్లుగా ఆడేవారు. వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచిన హ్యూస్టన్ కామెట్స్, లీసా లెస్లీ ఉన్న లాస్ ఏంజెలిస్ స్పార్క్స్, రెండూ పడమర వైపే. అందుకే 2006 దాకా తూర్పు ఒక్కసారి కూడా గెలవలేదు. వాళ్ళు పట్టుదలగా ఆడడానికి నాకు తోచే కారణం ఒక్కటే. లీగ్ రేపు ఉంటుందో ఊడుతుందో ఎవరికీ నమ్మకం లేని రోజులవి. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు "ఆడవాళ్ళ ఆట ఇంతేనా" అంటారేమోనన్న భయం ప్రతి బంతి మీదా ఉండేది.

ఎంపిక సంగతి, 2025లో నడిచిన పద్ధతి. మొదట ఆట మొదలుపెట్టే పది మంది స్టార్టర్లు, అందులో బంతి నడిపించే గార్డులు నలుగురు, రింగు దగ్గర ఆడే ముందువరస ప్లేయర్లు ఆరుగురు. వీళ్ళకి అభిమానుల ఓట్లు సగం లెక్క, తోటి ప్లేయర్ల ఓట్లు పావు, విలేకరుల ఓట్లు పావు. మిగతా పన్నెండు మందిని లీగ్‌లోని హెడ్ కోచ్‌లు ఎంచుతారు, ఏ కోచ్ కూడా సొంత జట్టు పిల్లకి ఓటు వేసుకోకూడదు. మొత్తం 22 మంది. అభిమానుల ఓట్లు ఎక్కువ వచ్చిన ఇద్దరు కెప్టెన్లవుతారు, వాళ్ళు మన వీధిలో పిల్లలు పంచుకున్నట్టు ఒకరి తర్వాత ఒకర్ని పిలుచుకుని జట్లు కడతారు. తూర్పు–పడమర పద్ధతి పోయి ఈ కెప్టెన్ల పద్ధతి వచ్చింది 2018లో. 2025లో క్లార్క్‌కి అభిమానుల ఓట్లు దాదాపు 13 లక్షలు, అందరికంటే ఎక్కువ. తోటి ప్లేయర్లు మాత్రం గార్డుల్లో ఆమెని తొమ్మిదో స్థానంలో పెట్టారు. దీని మీద ఇక్కడ చాలా రోజులు గొడవ నడిచింది, అసూయ అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ సీజన్‌లో ఆమె గాయాలతో చాలా ఆటలకి దూరమైంది, ఎదురుగా నిలబడి ఆడినవాళ్ళు తమ కళ్ళతో చూసిందానికి ఓటేశారు. మీ అమ్మాయి అడిగితే ఇలాగే చెప్పండి, పిల్లలకి అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీ అమ్మాయికి చూపించాల్సినవి అమెరికా జాతీయ జట్టుకీ, ఆ జట్టులో చోటు దక్కని మిగతా లీగ్ ప్లేయర్లకీ మధ్య జరిగిన ఆటలు. మామూలుగా ఒలింపిక్స్ ఏడాదిలో ఆల్-స్టార్ ఉండేది కాదు, 2008, 2012, 2016లో అసలు పెట్టలేదు. కానీ నాలుగుసార్లు అమెరికా జట్టునే ఒక పక్షంగా నిలబెట్టారు. 2004లో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో, పాటల కచేరీలు జరిగే స్టేజీ మీద కోర్టు పరిచి ఆడించారు. అమెరికా 74–58తో గెలిచింది. 2010లో, అది ఒలింపిక్స్ ఏడాది కాకపోయినా, కనెటికట్‌లో 99–72, మళ్ళీ అమెరికానే. 2021లో లాస్ వేగాస్‌లో మొదటిసారి కథ తిరగబడింది, మిగతావాళ్ళు 93–85తో ఒలింపిక్ జట్టుని ఓడించారు. 2024లో ఫీనిక్స్‌లో మళ్ళీ ఓడించారు, 117–109. ఆ రెండుసార్లూ అమెరికా జట్టు తర్వాత ఒలింపిక్స్‌కి వెళ్ళి స్వర్ణమే తెచ్చింది. పారిస్‌లో ఫైనల్లో ఫ్రాన్స్ మీద 67–66, ఒకే ఒక్క పాయింటు తేడా. వరుసగా ఎనిమిదో స్వర్ణం అది.

ఈ నాలుగు స్కోర్లని ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఇరవై ఏళ్ళలో ఏం జరిగిందో వాటిలోనే ఉంది. ఒలింపిక్ జట్టంటే పన్నెండు మంది. 2004లో పన్నెండో ప్లేయరుకీ పదమూడో ప్లేయరుకీ మధ్య చాలా దూరం ఉండేది. 2021 వచ్చేసరికి ఆ దూరం చెరిగిపోయింది. ప్రపంచంలో అందరినీ ఓడించే జట్టుని, దాంట్లో చోటు దొరకనివాళ్ళు రెండుసార్లు ఓడించారు. మీ అమ్మాయి ఆడే ఆట ఎంత లోతుకి వెళ్ళిందో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

పదమూడో పేరు గురించి నాకు తెలుసు. ఇంటర్ మొదటి ఏడాది జిల్లా జట్టు సెలక్షన్స్‌కి వెళ్ళాను. రెండు రోజులు ఆడించారు. సాయంత్రం ఒక తెల్ల కాగితం మీద పేర్లు రాసి ఆఫీసు గది కిటికీకి అంటించారు. పన్నెండు పేర్లు. పైనుంచి కిందికి చదివాను, కిందనుంచి పైకి చదివాను. పక్కనే నిలబడ్డ పీఈటీ మేడం "నువ్వే పదమూడమ్మా" అంది, ఓదార్పుగానే అంది. బస్సులో ఇంటికెళ్తుంటే కిట్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చున్నాను, దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ తెలియలేదు. మరుసటి ఏడాది ఎంపికయ్యాను, అది వేరే సంగతి. కానీ ఆ కాగితం నాకు ఇప్పటికీ అక్షరాలతో సహా గుర్తుంది. అందుకే 2024 జూన్‌లో పారిస్ వెళ్ళే పన్నెండు మందిలో క్లార్క్ పేరు లేదని వార్త వచ్చినప్పుడు, మా పిల్లలు ఏడుపు మొహాలతో ప్రాక్టీసుకి వస్తే నాకు వాళ్ళకేం చెప్పాలో వెంటనే తోచలేదు. "వచ్చే నెల ఇక్కడికే వస్తుందిగా, వెళ్ళి చూద్దాం" అన్నాను.

జులై 20. బయట రోడ్డు మీద చెప్పులు అంటుకుపోయేంత ఎండ, మాకు జులై అంటే అలాగే ఉంటుంది. మా సీట్లు పైవరసలో, దాదాపు కప్పు కింద. అంత పై నుంచి చూస్తే మొహాలు కనపడవు గానీ కోర్టు మొత్తం పటంలా కనపడుతుంది, ఎవరు ఎక్కడికి పరిగెడుతున్నారో, ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది. పాస్ నేర్చుకునే పిల్లలకి ఆ సీట్లే మంచివి. మిగతా లీగ్ జట్టుకి కోచ్ ఎవరో తెలుసా? చెరిల్ మిల్లర్. 1984 ఒలింపిక్స్ స్వర్ణ జట్టులో పెద్ద ప్లేయర్ ఆమె. ఆమె ఆడే రోజుల్లో ఈ లీగే లేదు, మోకాలి గాయంతో ఆట ఆగిపోయింది. 1997లో ఫీనిక్స్ మెర్క్యురీకి మొదటి కోచ్ కూడా ఆమే. ఆ ఊరికే తిరిగొచ్చి, పిలుపు రానివాళ్ళని నడిపించింది.

ఆ రోజు క్లార్క్ షాట్లు పడలేదు. ఆట మొత్తంలో నాలుగంటే నాలుగు పాయింట్లు. మా పిల్లల్లో ఒకమ్మాయి మొదటి సగంలోనే నిరుత్సాహపడి ఫోను చూసుకోవడం మొదలెట్టింది. నేను ఆ పిల్ల భుజం తట్టి, "షాట్ చూడకు, ఆమె తల చూడు" అన్నాను. రీబౌండ్ పడ్డ క్షణంలో క్లార్క్ బంతి వైపు చూడదు, ముందు ముందుకి చూస్తుంది. బంతి చేతిలో పడేసరికి ఎవరికి వెయ్యాలో తేలిపోయి ఉంటుంది. డ్రిబుల్ చెయ్యకుండానే సగం కోర్టు దాటించి వేసేస్తుంది. అలా పది అసిస్టులు. ఆల్-స్టార్‌లో అప్పటికి సూ బర్డ్ పేరు మీదున్న 11 అసిస్టుల రికార్డుకి ఒక్కటి తక్కువ. అందులో ఏంజెల్ రీస్‌కి వేసిన పాస్ ఒకటి పడ్డప్పుడు హాలంతా లేచి నిలబడింది. కాలేజీ రోజుల నుంచి వాళ్ళిద్దర్నీ శత్రువులుగా చూపించి టీవీల వాళ్ళు ఎంత హడావిడి చేశారో మీకు తెలిసే ఉంటుంది. రీస్ ఆ రోజు 12 పాయింట్లు, 11 రీబౌండ్లు. ఆల్-స్టార్‌లో డబుల్-డబుల్, అంటే రెండింటిలోనూ పదికి తగ్గకుండా, చేసిన మొదటి రూకీ. రూకీ అంటే లీగ్‌లో తొలి ఏడాది ఆడే ప్లేయర్. తన షాట్ పడని రోజున ప్లేయర్ ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి నేను పిల్లలకి పాఠాలు చెప్పడం మానేశాను. ఆ ఆట పెట్టి చూపిస్తాను.

రెండో సగం అరికే ఒగున్‌బోవాలేది. డాలస్ వింగ్స్ గార్డు, అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. మొదటి సగంలో ఆమె ఒక్క పాయింటు కూడా వెయ్యలేదు. సున్నా. విరామం తర్వాత మూడో క్వార్టర్‌లోనే 21, ఆట ముగిసేసరికి 34. అప్పటికి అది ఆల్-స్టార్ రికార్డు. ఎదురుగా ఉన్నది స్నేహంగా ఆడే ఆల్-స్టార్ జట్టు కాదు, కొద్ది రోజుల్లో పారిస్‌లో ఆడబోయే జట్టు. ఎలా వేసిందో దగ్గరగా చూడాలి. కుడి చేత్తో బంతి కొడుతూ డిఫెండర్ మీదికి ఒక అడుగు బలంగా వేస్తుంది. డిఫెండర్ రింగు వైపు వెళ్తోందనుకుని మడమల మీదికి వాలుతుంది. ఆ ఒక్క వాలు చాలు. ముందుకేసిన కాలితోనే వెనక్కి తోసుకుని గీత అవతలికి దూకుతుంది. రెండు పాదాలూ నేలని తాకేలోపే బంతి ఛాతీ దాటి పైకొచ్చేసి ఉంటుంది. మొదటి సగంలోనూ ఇదే చేసింది, పడలేదు. రెండో సగంలో మార్చిందేమీ లేదు, అదే అడుగు, అదే షాట్. మా పిల్లలు వరసగా రెండు మిస్సయితే మూడోది వెయ్యడానికి భయపడి పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు. మీ అమ్మాయి కూడా అలా చేస్తుంటే ఆ మూడో క్వార్టర్ చూపించండి.

2021లో లాస్ వేగాస్‌లో అమెరికా జట్టుని ఓడించినప్పుడు కూడా ఎంవీపీ, అంటే ఆ ఆటలో ఉత్తమ ప్లేయర్, ఆమే, 26 పాయింట్లు. రెండుసార్లు దేశం జట్టు బయట నిలబడి, రెండుసార్లు ఆ జట్టు మీదే గెలిపించింది.

ఎంవీపీల జాబితాలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. 2014లో షోనీ షిమ్మెల్. ఒరెగాన్‌లోని యుమటిల్లా ఆదివాసీ రిజర్వేషన్‌లో పెరిగిన పిల్ల. అప్పుడు రూకీ, సొంత జట్టులో బెంచీ మీద నుంచి వచ్చే ప్లేయర్. అభిమానుల ఓట్లతో ఆల్-స్టార్‌కి వచ్చి 29 పాయింట్లు వేసింది, ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్ళి 125–124తో ముగిసింది. ఎంవీపీ అయిన మొదటి రూకీ ఆమే. 2019లో ఎరికా వీలర్. ఈమె కథ మా పిల్లలకి కంఠతా వచ్చు. కాలేజీ అయ్యాక 2013లో, కొత్త ప్లేయర్లని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఏ జట్టూ ఆమెని తీసుకోలేదు. అంతకు ముందు ఏడాదే తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. దేశాలు పట్టుకుని తిరిగి ఆడుతూ, మెల్లగా లీగ్‌లో చోటు సంపాదించుకుంది. 2019లో మొదటిసారి ఆల్-స్టార్ పిలుపు వచ్చింది, లాస్ వేగాస్‌లో 25 పాయింట్లు వేసి ఎంవీపీ అయింది. డ్రాఫ్ట్‌లో ఎంపిక కాని ప్లేయర్ ఆ ట్రోఫీ అందుకోవడం అదే మొదలు. మైక్ ముందు నిలబడి మాట రాక ఏడ్చేసింది. ఆ రెండు నిమిషాల వీడియో దొరుకుతుంది, మీరిద్దరూ కలిసే చూడండి.

ఈ సందర్భంలో మన దేశం నుంచి ఒక పేరు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. గీతూ అన్నా జోస్. కేరళ అమ్మాయి, దక్షిణ రైల్వేకి ఆడింది. ఆరడుగుల రెండంగుళాలు. 2011లో ఆమెని డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ట్రయల్స్‌కి పిలిచాయి, షికాగో, లాస్ ఏంజెలిస్, శాన్ ఆంటోనియో. చోటు దొరకలేదు. కానీ అప్పట్లో మేము ఆ వార్త చదివి రోజంతా దాని గురించే మాట్లాడుకున్నాం. రైల్వే ఉద్యోగం కోసం ఆట ఆడే మాకు, ఆటే ఉద్యోగమైన చోటు ఒకటుందని, అక్కడి తలుపు దాకా మన మనిషి ఒకరు వెళ్ళారని తెలిసింది.

ఆటకి ముందు రోజు రాత్రి జరిగే మూడు పాయింట్ల పోటీ మాత్రం ఏ ఏడాదిదైనా చూడొచ్చు. కోర్టు చుట్టూ అయిదు చోట్ల బంతుల స్టాండ్లు పెడతారు, ఒక్కోదాంట్లో అయిదు బంతులు. నాలుగు స్టాండ్లలో చివరి బంతికి రెండు పాయింట్లు, ఒక స్టాండ్‌లో అన్ని బంతులకీ రెండేసి. ఇంకా వెనక నుంచి వేసే బంతులు రెండు, వాటికి మూడేసి. మొత్తం 27 బంతులు, 70 సెకన్లు, గరిష్ఠంగా 40 పాయింట్లు. 2023లో సబ్రీనా యొనెస్కూ చివరి రౌండ్‌లో 37 వేసింది. 27లో 25 పడ్డాయి, అందులో వరసగా ఇరవై. మగవాళ్ళ ఎన్‌బీఏలో కూడా అప్పటికి 31 కంటే ఎక్కువ ఎవరూ వెయ్యలేదు. 2024 ఫిబ్రవరిలో స్టెఫెన్ కర్రీతో పోటీ పెడితే, ఎన్‌బీఏ గీత దగ్గర నిలబడి 26 వేసింది, కర్రీ 29. ఆ వీడియోలో బంతి రింగులో పడేది చూడొద్దని చెప్పండి. ఆమె చూపుల్నీ, పాదాల్నీ చూడాలి. ఒక బంతి ఇంకా గాలిలో ఉండగానే చెయ్యి రెండోదాని మీద ఉంటుంది, పాదాలు మాత్రం ప్రతిసారీ ఒకే ఎడంలో, ఒకే కోణంలో పడతాయి. 70 సెకన్లలో ఆ ఎడం మారదు. మా ప్రాక్టీసులో నేను నేల మీద సుద్దముక్కతో పాదాల గుర్తులు గీయిస్తాను, వాళ్ళ షాట్ వాళ్ళే కొలుచుకోవడానికి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మీ అమ్మాయి ఇదే బతుకుతెరువు అనుకుంటే ఎప్పుడో ఒకరోజు అడుగుతుంది. ఆ పోటీ గెలిచినందుకు 2024లో ఉన్న లీగ్ ఒప్పందం ప్రకారం వచ్చింది 2,575 డాలర్లు. 2024లో ఫీనిక్స్‌లో అలీషా గ్రే స్కిల్స్ పోటీ, మూడు పాయింట్ల పోటీ రెండూ ఒకే రాత్రి గెలిచింది, అలా గెలిచిన మొదటి మనిషి. ఒక కంపెనీ ఒక్కో పోటీకి 55 వేల డాలర్లు కలిపి ఇవ్వబట్టి ఆమెకి మొత్తం 1,15,150 డాలర్లు వచ్చాయి. ఆ కంపెనీ డబ్బు తీసేస్తే మిగిలేది 5,150. 2025లో లీగ్‌లో అత్యధిక జీతం రెండున్నర లక్షల డాలర్ల లోపు, కనీస జీతం 66 వేల చిల్లర. మరోవైపు 2026 నుంచి పదకొండేళ్ళకి టీవీ హక్కుల ఒప్పందం 220 కోట్ల డాలర్లు.

ఇది తెలిశాక 2025 ఆటని ఇంకోసారి, ఈసారి వార్మప్ దగ్గర్నుంచి చూడండి. ఇరవై ఇద్దరూ నల్ల టీషర్టులు వేసుకుని వచ్చారు, వాటి మీద "మాకు రావాల్సింది మాకివ్వండి" అని అర్థమొచ్చే అక్షరాలు. రెండు రోజుల ముందే అదే ఊళ్ళో లీగ్‌తో జీతాల చర్చ జరిగింది, నలభై మందికి పైగా ప్లేయర్లు వెళ్ళి కూర్చున్నారు. ఆట అయ్యాక కాలియర్‌కి ట్రోఫీ ఇస్తుంటే జనం "వాళ్ళ డబ్బు వాళ్ళకివ్వండి" అని అరిచారు. ఎంవీపీ అయిన ఆ కాలియర్ అప్పటికి ప్లేయర్ల సంఘం ఉపాధ్యక్షుల్లో ఒకరు. ఆ రోజు స్కోరుబోర్డు మీది 151కి నా దగ్గర విలువ లేదు, ఆ టీషర్టుకి ఉంది. ఇరవై ఇద్దరిలో ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు.

దానికి వెనక ఒక ఘటన ఉంది. 2022లో షికాగో ఆట. ఆ ఫిబ్రవరిలో ఫీనిక్స్ మెర్క్యురీ ప్లేయర్ బ్రిట్నీ గ్రైనర్‌ని మాస్కో విమానాశ్రయంలో అరెస్టు చేశారు. ఆమె రష్యాకి ఎందుకు వెళ్ళింది? ఇక్కడ సీజన్ అయిపోయాక అక్కడి క్లబ్బుకి ఆడడానికి. ఇక్కడి జీతం రెండు లక్షల ముప్పై వేల డాలర్ల లోపు, అక్కడ పది లక్షలకి పైనే అని పత్రికలు రాశాయి. ఏళ్ళ తరబడి పెద్ద ప్లేయర్లు చాలామంది అలాగే ఏడాది పొడవునా రెండు దేశాల్లో ఆడి శరీరాలు అరగదీసుకున్నారు. షికాగోలో మొదటి సగం ఎవరి జెర్సీలతో వాళ్ళు ఆడారు. విరామం తర్వాత రెండు జట్లూ కోర్టులోకి వచ్చేసరికి అందరి వీపు మీదా ఒకే పేరు, ఒకే నంబరు. గ్రైనర్, 42. స్కోరు రాసేవాళ్ళకి ఎవరెవరో గుర్తుపట్టడం ఎంత కష్టమైందో అనుకున్నాను. ఆ డిసెంబరులో ఆమె విడుదలైంది. రెండేళ్ళ తర్వాత ఫీనిక్స్‌లో అమెరికా జట్టు తరఫున ఆమె కోర్టులోకి వస్తుంటే మా పక్క సీటులో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఫీనిక్స్ ఆమె సొంత ఊరి లెక్క, పదకొండేళ్ళుగా అక్కడే ఆడుతోంది అప్పటికి.

ఇంట్లో చూసే వరస చెప్తాను. ముందు 2024 మూడో క్వార్టర్, ఆపి ఆపి. ఒగున్‌బోవాలే బంతి పట్టుకున్న ప్రతిసారీ ఆపి, డిఫెండర్ బరువు ఏ కాలి మీదుందో మీ అమ్మాయినే చెప్పమనండి. తప్పు చెప్పినా పర్లేదు, నాలుగైదుసార్లకి పట్టేస్తుంది. తర్వాత అదే ఆట మొదటి సగం, క్లార్క్ మీదే కన్ను పెట్టి, ధ్వని తీసేసి. వ్యాఖ్యాతలు బంతి వెంట పోతారు, మనకి కావాల్సింది బంతి లేని చోట ఏం జరుగుతోందన్నది. ఆ తర్వాత 2019 చివరి క్వార్టర్. ఒక్క కూర్చోవడంలో అన్నీ వద్దు, వారానికొకటి చాలు. చూసిన రోజునే గ్రౌండుకి తీసుకెళ్ళండి, చీకటి పడినా సరే.

బంతి. మేము చిన్నప్పుడు మగపిల్లల బంతితోనే ఆడాం, స్కూల్లో ఉన్నది అదొక్కటే. తోలు అరిగి నున్నగా అయిపోయి, చెమట చేతుల్లోంచి జారిపోయేది. దాన్ని మోయలేక రెండు చేతులతో ఛాతీ దగ్గర్నుంచి తోసే అలవాటు పడింది నాకు, ఆ అలవాటు మాన్పించుకోవడానికి యూనివర్సిటీలో రెండేళ్ళు పట్టింది. డబ్ల్యూఎన్‌బీఏలో ఆడేది ఆరో నంబరు బంతి, చుట్టుకొలత 28.5 అంగుళాలు. మగవాళ్ళది ఏడో నంబరు, 29.5. మీ అమ్మాయికి పన్నెండు నిండాయి కాబట్టి ఆరో నంబరే సరైంది. షాపులో అడక్కుండా వదిలేస్తే ఏడే చేతికిస్తారు, "రేపు పెద్దదవుతుందిగా అమ్మా" అంటారు. ఆ మాట వినకండి. బంతి మీద వాల్వు పక్కన నంబరు అచ్చేసి ఉంటుంది, చూసి తీసుకోండి. సిమెంటు గ్రౌండైతే తోలుది వద్దు, రబ్బరుది కొనండి.